నిలబడడం నేర్పిన సిస్టరమ్మ

మొన్న మంగళవారం హట్టి నుంచి లింగసుగూరు పోయే మొదటి బస్సులో, గని క్వార్టర్స్ స్టాపు దగ్గర, పూలబుట్ట చంకన పెట్టుకుని ఎక్కిన ఆవిడ నాకు ఆ మాట చెప్పింది. "సిస్టరమ్మ పోయింది కండక్టరమ్మా. పొద్దుగాల చెల్లె పోయి లేపితె లెవ్వలే." నా నోట్లో విజిల్ ఉంది. ఆ స్టాపులో విజిల్ ఊదే ముందు రోడ్డుకు అటువైపు ఒకసారి చూడడం నాకు అలవాటు, ఆమె ఎర్ర సంచీ కనిపిస్తుందేమోనని. ఆ మాట విన్న తర్వాత కూడా చూశాను. రోడ్డు ఖాళీగా ఉంది. డ్రైవరన్న అద్దంలోంచి నావైపు చూస్తూ గేరు వెయ్యకుండా కూర్చున్నాడు. వెనక ఎవరో "పోదామా అమ్మా" అంటే అప్పుడు ఊదాను.

ఆ ట్రిప్పులో నేనేం చేశానో సరిగా గుర్తు లేదు. చీటీలు ఇచ్చే ఉంటాను. కిటికీల అవతల మంచు పట్టి ఉంది. గని మీది ఇనుప చట్రం సగం కనిపిస్తోంది, దాని పైనున్న పెద్ద చక్రం కనిపించడం లేదు. ఇంకా నిద్రలోనే ఉన్నానేమో, లింగసుగూరు వచ్చేసరికి మెలకువ వస్తుందేమో అనిపించింది. లింగసుగూరు వచ్చింది. జనం దిగారు. ఆమె రోజూ పట్టుకునే కడ్డీ, రెండో తలుపు పక్కది, అరచేతులు రాసుకుని రాసుకుని అక్కడ మాత్రం రంగు పోయి మెరుస్తోంది.

ఆమె మీలో ఎవరికీ తెలిసి ఉండదు. లింగసుగూరులో ఒక చిన్న క్లినిక్కులో నర్సు. రాయచూరు నుంచి వారానికి రెండు రోజులు వచ్చే డాక్టరుగారు అక్కడ కాళ్ళకు వైద్యం చేస్తారు. చర్మం కింద సాలెగూడు అల్లినట్టు వచ్చే నీలి నరాలకు, కాస్త ఉబ్బిన చిన్న నరాలకు, వెంట్రుకంత సన్నటి సూదితో మందు ఎక్కిస్తారు. ఆ మందు తగిలితే నరం లోపలి గోడలు అతుక్కుపోయి మూసుకుపోతుంది. తర్వాత వారాల మీద ఒళ్ళే దాన్ని కరిగించేస్తుంది. సూది డాక్టరుగారిది. మిగిలినదంతా సిస్టరమ్మది. ఆ మిగిలినది ఎంతో నాకు తెలుసు కాబట్టే ఇది రాస్తున్నాను.

నేను తుర్విహాళ దగ్గర ఒక క్యాంపులో పుట్టాను. కాలువ వచ్చాక కోస్తా నుంచి వచ్చి ఇక్కడ వరి వేసుకున్నవాళ్ళ ఊళ్ళను ఇప్పటికీ క్యాంపులనే అంటారు. చదివింది కన్నడ బడి. తెలుగు మాత్రం అమ్మ నోటి నుంచి, నాన్న తెప్పించే వారపత్రికల నుంచి పట్టుకున్నాను. మా క్యాంపులో మెడలో విజిల్ వేసుకున్న మొదటి ఆడదాన్ని నేనే. కుదిపే బస్సులో రెండు చేతులూ వదిలేసి నిలబడగలనని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది.

సిస్టరమ్మ మాత్రం సీటు ఖాళీగా ఉన్నా కూర్చునేది కాదు. కడ్డీ పట్టుకుని నిలబడి మడమలు ఎత్తేది, దించేది. హట్టి నుంచి లింగసుగూరు దాకా ఇదే పని. కొత్తగా చూసినవాళ్ళు ఏదో మొక్కు అనుకునేవారు. ఒక తాత అడిగేశాడు కూడా, "ఎన్ని దినాల మొక్కమ్మా ఇది?" అని. "కాళ్ళున్నన్ని దినాలు తాతా" అంది ఆమె, మడమలు ఆపకుండానే. నేను చీటీ చింపుతూ నవ్వుకున్నాను. అప్పటికి ఆమెతో నాకు మాటల్లేవు.

ఒకరోజు మధ్యాహ్నం, బస్సు దాదాపు ఖాళీగా ఉన్నప్పుడు, ఆమె నా దగ్గరకు వచ్చి మెల్లగా, "ఎడమకాలు, మోకాలి ఎనక. నీలంగ ఉన్నయా, ఎర్రగ ఉన్నయా?" అంది.

నాకు ఒళ్ళు మండింది. నేను వేసుకునేది ఖాకీ ప్యాంటు, ఎవరికీ కనిపించవనే ధీమాలో ఉన్నాను. "మీకెవరు చెప్పారు?" అన్నాను.

"నీ నిలవడుడే చెప్తుంది. బరువంత కుడికాలి మీదనే మోస్తున్నవ్. ఎడమదాన్ని ఊకె బూటుతోటి గోకుతున్నవ్."

"నా కాళ్ళ సంగతి నేను చూసుకుంటాను లెండి. చీటీ తీసుకున్నారా మీరు?"

ఆడవాళ్ళకు బస్సు ఉచితమయ్యాక కూడా చీటీ తీసుకోవాలి కదా, ఆ అధికారం వాడానన్నమాట. ఆమె చీటీ తీసి చూపించి, నవ్వి, వెనక్కి పోయి మళ్ళీ మడమలు ఎత్తడం మొదలుపెట్టింది. పైగా నన్ను 'నువ్వు' అంది. మా క్యాంపుల్లో పరిచయం లేనివాళ్ళను నువ్వు అనం. డాక్టరుగారిని తప్ప లోకంలో అందరినీ ఆమె నువ్వే అంటుందని తర్వాత తెలిసింది. మట్మారి వైపు ఊళ్ళో పుట్టి, హట్టి గని క్వార్టర్స్‌లో కాపురం చేసి, తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ ఒకే గిన్నెలో కలుపుకుని మాట్లాడే మనిషి.

ఆ రోజు ఆమె అడిగిన దానికి నిజమైన జవాబు, నీలంగానూ ఉన్నాయి, ఎర్రగానూ ఉన్నాయి. మోకాలి వెనక దారాల్లాంటి గీతలు, వాటి మధ్య పురికొసంత లావున ఉబ్బిన నరం ఒకటి. నాలుగో ట్రిప్పుకు కాళ్ళు తడిసిన గోనెసంచుల్లా బరువెక్కేవి. ఇంటికి పోయి మంచం మీద కాళ్ళు గోడకు ఆనించి పడుకుంటే తప్ప దురద, మంట తగ్గేవి కావు. డిపోలో ఒక పెద్దాయన నా అవస్థ చూసి, కూర్చునే పనికి అర్జీ పెట్టుకోమన్నాడు, బస్టాండులో బస్సుల రాకపోకలు రాసే బల్ల దగ్గర. మంచి మనసుతోనే అన్నాడు. నేను అర్జీ రాశాను. రాసి, మడిచి, సంచీలో పెట్టుకుని తిరిగాను. ఇవ్వబుద్ధి కాలేదు. ఇస్తే ఇంక బస్సు ఎక్కేది లేదు, అక్కడ కూర్చుని పోయే బస్సుల్ని చూడడమే.

ఎవరికీ చెప్పకపోవడానికి ఇంకో కారణం అమ్మ. అమ్మ నలభై ఏళ్ళు బురదలో వంగి నాట్లు వేసిన మనిషి. ఎప్పుడు చూసినా పాదాల నుంచి పిక్కల దాకా దట్టంగా పసుపు, నేలను ఊడుస్తూ చీర కుచ్చిళ్ళు. పొద్దువాలితే కాళ్ళ కింద దిండు పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకునేది. "నా కాళ్ళలాంటి కాళ్ళు నీకు రాకూడదనే కదే చదివించింది" అనేది అప్పుడప్పుడు. ఆ కాళ్ళకు ఏమైందో నేను చూడలేదు. అడగనూ లేదు. నా కాలి మీద గీతలు కనిపించిన రోజు నాకు మొదట గుర్తొచ్చింది ఆ మాటే, భయం వేసింది.

సిస్టరమ్మ ఆ తర్వాత నన్ను బలవంతం చెయ్యలేదు. దిగేటప్పుడు మాత్రం రోజూ ఒకటే అడిగేది, "ఇయ్యాల ఎట్లున్నది బిడ్డా?" అని. మొదట్లో జవాబు చెప్పేదాన్ని కాదు. తర్వాత "బాగానే ఉంది" అనేదాన్ని. ఒకరోజు "బాగాలేదు సిస్టరమ్మా" అన్నాను. ఆమె మెట్టు మీదే ఆగి, "గురువారం డాక్టరొస్తడు. పొద్దున్నే రా, జర తిని రా" అని చెప్పి దిగిపోయింది.

ఆ గురువారం చూసిన గది ఇప్పటికీ నాకు కలలోకి వస్తూ ఉంటుంది. కిటికీకి లేత ఆకుపచ్చ తెర, దానిలోంచి వచ్చే వెలుగు నీళ్ళ అడుగున ఉన్నట్టు ఉండేది. డాక్టరుగారు చల్లటి జిగురు రాసి మిషనుతో లోపలి పెద్ద నరాలు చూశారు. అవి బాగున్నాయన్నారు. పైవి మాత్రమే పాడయ్యాయి, ఒక్కసారికి పోవు, వారాల ఎడంతో రెండు మూడుసార్లు రావాలి, గోధుమరంగు మచ్చలు కొంతకాలం ఉంటాయి, కొన్నేళ్ళకు కొత్తవి పుట్టినా పుట్టొచ్చు అని కన్నడంలో ఒక్కొక్కటే చెప్పారు. కడుపుతో లేను కదా అని అడిగారు. తర్వాత చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు.

సిస్టరమ్మ నన్ను ఒక చెక్కపీట ఎక్కించి నిలబెట్టింది. తను కింద కూర్చుని, ఊదారంగు పెన్ను తీసి, కాలి మీద గీతలు గీయడం మొదలుపెట్టింది.

"పడుకుంటాలెండి, మీకు సుఖంగా ఉంటుంది" అన్నాను.

"పండుకుంటే దాక్కుంటయ్ దొంగలు. నిలవడితేనే దొరుకుతయ్."

పెన్ను మొన చల్లగా తగులుతోంది. ఒక్కో నరాన్ని వేలితో తడిమి, అది ఎక్కడి నుంచి వస్తోందో వెతికి, అక్కడ చిన్న సున్నా చుట్టింది. తొందరే లేదు. బయట బస్సు హారన్లు ఎక్కడో దూరదేశంలో మోగుతున్నట్టున్నాయి. నా కాళ్ళను అంత శ్రద్ధగా అప్పటిదాకా ఎవరూ చూడలేదు, నేను కూడా. నాకు ఏడుపొచ్చింది. నొప్పి ఇంకా మొదలే కాలేదు, భయం అప్పటికే పోయింది, అయినా వచ్చింది. ఆమె తలెత్తకుండానే, "ఏడువ్, ఏం కాదు. కాలు మాత్రం కదిలియ్యకు" అంది.

తర్వాత బల్ల మీద బోర్లా పడుకోబెట్టారు. సూది చీమ కుట్టినంతే. తర్వాత కొద్దిగా మంట. మందు లోపలికి పోతుంటే ఆ నీలి కొమ్మలు ఒక్కొక్కటే తెల్లబడి కనిపించకుండా పోవడం నేను తల వెనక్కి తిప్పి చూశాను. దూది పెట్టి, టేపు అంటించి, తొడ దాకా వచ్చే బిగుతు మేజోడు తొడిగింది సిస్టరమ్మ. ఇంక కాసేపు పడుకోవచ్చనుకుని కళ్ళు మూసుకున్నాను. ఆమె బల్ల మీద అరచేత్తో రెండుసార్లు చరిచి, అచ్చం నేను బస్సును చరిచినట్టే, "రైట్" అంది.

కళ్ళు తెరిచాను. డాక్టరుగారు నవ్వుతున్నారు.

"లే. బస్టాండు దాక నడిచి మళ్ళ రా. అరగంట. రోజు పొద్దున మాపు గిట్లనే. మేజోడు ఇప్పకు. రోజు మాపటికి నాకొక ఫోను కొట్టు" అంది.

నడిచి వచ్చాను. ఇక్కడి దాకా నా ప్రవర్తన బాగానే ఉంది.

వారం సెలవు పెట్టుకుని క్యాంపుకు పోయాను. మా వాళ్ళలో సూదైనా, కత్తైనా, కాన్పైనా ఒకటే లెక్క. మంచం ఎక్కాలి, పథ్యం తినాలి. అమ్మ మేజోడు చూసి గుండె బాదుకుంది. "ఇంత బిగించేస్తే రక్తం ఆడక కాలు చచ్చిపోద్దే. సూది పొడిపించుకుని రోడ్ల మీద తిరగడమేంటి, బాలింతలా పడుకోక" అని దాన్ని లాగేసి దండెం మీద వేసింది. ఆముదంలో పసుపు రంగరించి పాదం నుంచి తొడ దాకా పట్టించింది. ఇసుక వేయించి మూటకట్టి కాపడం పెట్టింది. వంకాయ వద్దు, గోంగూర వద్దు, చింతపండు వద్దు. కందిపొడి, నెయ్యి, బీరకాయ.

తప్పంతా అమ్మ మీద తోసెయ్యను. నాకూ పడుకోవాలనే ఉంది. పదకొండేళ్ళుగా నిలబడే ఉన్నాను. ఆ మూడు రోజులు చిన్నప్పటి జ్వరం రోజుల్లా గడిచాయి. ఫ్యాను తిరిగే చప్పుడు, కాలువ చప్పుడు, పసుపు వాసన, మధ్యమధ్యలో నుదుటి మీద అమ్మ చెయ్యి. నిద్ర పట్టేది, లేస్తే పొద్దున్నో సాయంత్రమో తెలిసేది కాదు. ఫోను ఎక్కడ పెట్టానో చూసుకోలేదు. నాలుగో రోజుకు మోకాలి వెనక వేడెక్కి, ఎర్రబడి, చర్మం కింద తాడు పెట్టి కుట్టినట్టు గట్టిపడింది. అమ్మకు చెప్పలేదు. చెబితే కాపడం ఇంకా పెడుతుంది.

ఆ రోజు ఆదివారం. ఎర్ర సంచీ భుజాన వేసుకుని, క్లినిక్కులో నేను రాయించిన చిరునామా పట్టుకుని, రెండు బస్సులు మారి, రోడ్డు నుంచి క్యాంపు దాకా నడుచుకుంటూ సిస్టరమ్మ వచ్చింది. గుమ్మంలో నిలబడి మంచం వైపు చూసింది. దండెం మీది మేజోడు చూసింది. ఇసుక మూట చూసింది. తిడుతుందనుకున్నాను. "మూడు మాపులు ఫోను రాలే. బతికే ఉన్నవ్ గదా, సాకు, గది చాలు" అని, అమ్మవైపు తిరిగి, "అమ్మా, జర ఒక బేసిన్ల నీళ్ళియ్యి" అంది.

నా కాలు బేసిన్లో పెట్టించి, పసుపంతా వేళ్ళతో మెల్లగా కడిగింది. గట్టిపడిన చోట నొక్కి చూసింది. బయటికి పోయి డాక్టరుగారితో ఫోనులో మాట్లాడి వచ్చింది. "రేపు పొద్దున తీస్కరమ్మన్నడు. పెద్ద ఫికర్ ఏం లేదంటడు, కని మిషన్ పెట్టి చూడాలె" అంది. అప్పుడు అమ్మ ముఖం చూడాలి. కూతురికి మంచి చేశాననుకున్న మనిషి ఒక్క క్షణంలో నేరం చేసినదానిలా అయిపోయింది.

"మరి నడవకూడదు కదండీ, సూది పొడిచాక" అంది, దాదాపు బతిమాలుతున్నట్టు.

"ఒక కాయితం ఇయ్యి బిడ్డా" అంది సిస్టరమ్మ. మంచం కింద నా డ్యూటీ సంచీ ఉంది. చేతికి తగిలిన కాగితం తీసిచ్చాను. దాని వెనకవైపు ఊదా పెన్నుతో ఒక కాలు గీసింది, కాలు నిండా కాలువలు గీసింది. "అమ్మా, మీ కాలువల నీళ్ళు మీదికెల్లి కిందికి పోతయ్. కాళ్ళల్ల రక్తం కిందికెల్లి మీదికి పోవాలె. మరి మోటరు కావాల్నా వద్దా?"

"కావాలి" అంది అమ్మ.

"మోటరు ఏది? గీ పిక్క. నడిస్తెనే తిరుగుతది. పండుకుంటే బంద్. పైకి పోయిన రక్తం మళ్ళ కిందికి జారకుండ నడుమ నడుమ తలుపులుంటయ్. తలుపు చెడితె రక్తం జారి, గిట్ల మడుగు గడ్తది. గా చెడ్డ బోదెను డాక్టరు మందుతోటి పూడ్చిండు."

"పూడిస్తే మరి ఆ రక్తం ఎటు పోద్ది?"

"మీ పొలంల ఒక బోదె పూడిస్తే నీళ్ళు ఆగుతయా?"

నీళ్ళ సంగతి అమ్మకు చెప్పనక్కర్లేదు. "ఆగవు. పక్క బోదెను పట్టుకుంటాయి" అంది.

"గంతే. ఆ మేజోడు గట్టు. గట్టు తెంపి దండెం మీద ఏసినవ్ నువ్వు."

అమ్మ నవ్వలేదు గానీ, ముఖం తేరుకుంది. సిస్టరమ్మ కాగితం ఇటు తిప్పి అప్పుడు చూసింది, అది నా అర్జీ అని. మొత్తం చదివింది. నావైపు చూసింది. "దీని మీద గీతలు గీసిన. ఇంక ఇది ఆఫీసుల ఇయ్యరాదు" అని మడిచి నా చేతిలో పెట్టింది. మళ్ళీ రాసుకోవచ్చని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

బేసిన్లో నీళ్ళు పచ్చగా ఉన్నాయి. ఆమె ఇంకా నేల మీదే కూర్చుని ఉంది. ఎదురుగా అమ్మ పాదాలు. చాలాసేపు చూసింది వాటిని. "అమ్మా, నీ కాళ్ళు గూడ ఇయ్యి" అంది.

అమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. "నాకేం లేదండీ. నాకీ సూదులవీ వద్దు."

"సూది తేలే నేను. నీళ్ళే ఉన్నయ్."

కాలువ చప్పుడు వినిపిస్తోంది. అమ్మ ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. కుచ్చిళ్ళు ఎత్తి ఒక పాదం బేసిన్లో పెట్టింది, తర్వాత రెండోది. సిస్టరమ్మ పసుపు కడుగుతూ పోయింది. పసుపు కింద చర్మం కాలిన కట్టెలా నల్లగా బయటపడింది. లోపలివైపు చీలమండ మీద, రూపాయి బిళ్ళంత పుండు.

"ఎన్నేండ్లాయె?"

"మూడేళ్ళు" అంది అమ్మ గుమ్మంలోంచి బయటికి చూస్తూ. కాసేపాగి, "నాలుగు" అంది.

నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. నాలుగేళ్ళుగా పండక్కీ పబ్బానికీ వచ్చి, ఆ పసుపు కాళ్ళకు దణ్ణం పెట్టి వెళ్ళినదాన్ని. అది భక్తి అనుకున్నాను. నా కాళ్ళలాంటి కాళ్ళు నీకు రాకూడదు అని అమ్మ ఎందుకన్నదో ఆ రోజు తెలిసింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. సిస్టరమ్మ మాత్రం కొత్త విషయం ఏదీ చూడనట్టు, సంచీలోంచి పట్టీ తీసి, పాదం వేళ్ళ దగ్గర మొదలుపెట్టి మోకాలి దాకా చుట్టుకుంటూ పోయింది. చుట్టేటప్పుడు తన కథ చెప్పింది. "మా ఇంటాయన భూమిలోపల షిఫ్టు చేసి వస్తుండె. ఎట్లున్నవయ్యా అంటే మంచిగున్న అంటుండె. మొఖం అబద్ధం చెప్తది. బూట్లు ఇప్పినంక కాళ్ళు చూస్తె తెలుస్తుండె. ఆయన పోయినా నాకు గదే అలవాటాయె. ఎవరొచ్చినా ముందుగాల కాళ్ళే చూస్త."

ఆ సాయంత్రం ముగ్గురం కాలువ గట్టు మీద నడిచాం. నాకు మేజోడు, అమ్మకు పట్టీ, మధ్యలో సిస్టరమ్మ. నాట్లు అయిన కొత్త, రెండు పక్కలా నీళ్ళు నిలిచిన మళ్ళు, వాటిలో ఆకాశం. ఎదురొచ్చినవాళ్ళు ఆగి చూస్తుంటే అమ్మకు మొహమాటంగా ఉంది. "అందరూ ఏమనుకుంటారో" అంది. "ఇద్దరు పిచ్చోళ్ళని పట్టుకపోతుంది అనుకుంటరు, నడువ్" అంది సిస్టరమ్మ. అమ్మ నవ్వింది. అమ్మ అలా నోరు తెరిచి నవ్వడం చూసి ఎన్నాళ్ళయిందో. ఎంత దూరం నడిచామో తెలియదు, ఆ గట్టు మీద ఇంకా నడుస్తూనే ఉన్నామని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మర్నాడు డాక్టరుగారు మిషను పెట్టి చూసి, లోపల ఏ ప్రమాదమూ లేదన్నారు. నరంలో చిక్కి గడ్డకట్టిన రక్తాన్ని చిన్న సూదితో తీసేశారు. అమ్మ కాలు చూసి, ఈ సూదులు ఆ పెద్ద నరానికి చాలవు, దానికి వేరే వైద్యం రాయచూరులో చేద్దాం, ముందు పుండు మానాలి అన్నారు. ఆ పుండు మాన్పింది పట్టీలే. అమ్మ వారం వారం లింగసుగూరు వచ్చేది, సిస్టరమ్మ విప్పి, కడిగి, మళ్ళీ చుట్టేది. ఆ నాట్ల నుంచి వచ్చే నాట్ల దాకా పట్టింది. పుండు పూర్తిగా మూసుకున్న రోజు అమ్మ క్లినిక్కుకు ఒక డబ్బా నిండా గోంగూర పచ్చడి పట్టుకొచ్చింది.

నేను ఇంకో రెండుసార్లు సూదులు వేయించుకున్నాను. అర్జీ ఎవరికీ ఇవ్వలేదు. మోకాలి వెనక ఒక గోధుమరంగు మచ్చ మాత్రం చాలాకాలం ఉంది. ఇది పోతుందా అని నేను పదిసార్లు అడిగితే, "పోతది. పోకుంటె ఏమాయె, నీ మోకాలి ఎనక ఏం రాసుందని చదివెటోడు ఎవడున్నడు?" అంది. మళ్ళీ బస్సెక్కిన రోజు ఆమె పక్కన నిలబడి నేనూ మడమలు ఎత్తాను. వారానికల్లా పూలబుట్ట ఆవిడ మొదలుపెట్టింది. తర్వాత గని క్యాంటీన్లో వంటచేసే ఇద్దరు, తర్వాత బట్టల కొట్లో నిలబడే ఒక అమ్మాయి. "ఏంది, అందరు ఎగురుతున్నరు, బస్సు లేస్తది పైకి" అనేది సిస్టరమ్మ. సీటు దొరికిన ఆడవాళ్ళను చూసి మాత్రం, "కూసోండ్రి, కూసోని గూడ ఎత్తొచ్చు" అనేది.

మొన్న మంగళవారం రెండో ట్రిప్పు తర్వాత సెలవు చెప్పి ఆమె ఇంటికి పోయాను. వరండాలో చాప మీద పడుకోబెట్టారు. పడుకుని ఉండగా ఆమెను చూడడం అదే మొదటిసారి. ఆచారం ప్రకారం రెండు కాలి బొటనవేళ్ళూ కలిపి తెల్లటి దారంతో కట్టారు. నేను ముఖం వైపు చూడలేకపోయాను. ఆ దారం వైపే చూస్తూ నిలబడ్డాను. ఎందరినో లే, నడువ్ అన్న మనిషి కాళ్ళు అవి.

అమ్మ మధ్యాహ్నానికి వచ్చింది, రోడ్డు నుంచి నడిచి. ఎవరినీ ఏమీ అడగలేదు. పెరట్లోకి పోయి బేసిన్‌తో నీళ్ళు తెచ్చుకుని, ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. బంధువుల్లో ఒకరు, మేం చేస్తాం కదమ్మా, నీకెందుకు అన్నారు. సిస్టరమ్మ చెల్లెలు వాళ్ళను చేత్తో వారించింది. అమ్మ ఆ పాదాలు కడిగింది. వేళ్ళ సందులు, మడమలు, చీలమండలు, తొందర లేకుండా, దారం తడవకుండా. పిక్కల మీద చర్మం నున్నగా ఉంది. కడిగి, తన కొంగుతో తుడిచింది. "ఇప్పుడు పడుకోండమ్మా" అంది.

బుధవారం పొద్దున మళ్ళీ మొదటి బస్సు. క్వార్టర్స్ స్టాపులో ఎక్కాల్సినవాళ్ళు ఎక్కారు. ఆ మెరిసే కడ్డీ దగ్గర ఎవరూ నిలబడలేదు, చోటు వదిలేశారు. నేను విజిల్ నోట్లో పెట్టుకుని రోడ్డుకు అటువైపు చూశాను. ఊదలేకపోయాను. అరచేత్తో బస్సును రెండుసార్లు చరిచి, "రైట్" అన్నాను. బస్సు కదిలింది. మంచులోంచి వెలుగు పల్చగా లోపలికి వస్తోంది. కిందికి చూస్తే, పూలబుట్ట పక్కన రెండు మడమలు లేచాయి. దిగాయి. ఆ వెనక ఇంకో రెండు. సీట్ల కింద చెప్పులు, రంగురంగుల చీర అంచులు, నా ఖాకీ ప్యాంటు కింద నల్ల బూట్లు. లింగసుగూరు దాకా ఆ బస్సు నిండా మడమలు లేస్తూ, దిగుతూ ఉన్నాయి.